కునుకు టైమ్

మా ఆయన చనిపోయారు. ఈ మాట ఇంత సూటిగా రాయడం నాకు ఈ మధ్యే చేతనయింది. హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని, ఈ ఒక్క సంగతికి ఎన్ని మాటలున్నాయో తెలియక కాదు. పోయారు, లేరు, కాలం చేశారు, కన్నుమూశారు. మా చర్చిలోనైతే ప్రభువునందు నిద్రించారు అంటాం. వచ్చిన చిక్కంతా ఆ చివరి మాటతోనే వచ్చింది.

నరసరావుపేట బస్టాండు వెనక సందులో ఆయనకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉండేది. పగిలిన అద్దాలు మార్చడం, నీళ్లలో పడ్డవాటిని ఆరబెట్టడం, మాచర్ల నుంచీ వెల్దుర్తి నుంచీ వచ్చే మిర్చి రైతుల ఫోన్లకు ఛార్జింగ్ పిన్నులు వేయడం, ఇదీ బతుకుతెరువు. ప్రాణం మాత్రం ఇంకోచోట ఉండేది. కంపెనీలు ఒక ఫోను అమ్మిన కొన్నేళ్లకు దాన్ని వదిలేస్తాయి, ఇక అప్‌డేట్లు రావు. ఫోను బాగానే ఉంటుంది గానీ దిక్కులేనిదవుతుంది. అలాంటి ఫోన్ల కోసం, కోడ్ మొత్తం అందరి ముందూ తెరిచిపెట్టిన సిస్టమ్ ఒకటి ఉంది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఒక పాత మోడల్‌కి ఆ సిస్టమ్‌ను సరిపెట్టి, నెలనెలా అప్‌డేట్ తయారుచేసి పంపే పని మా ఆయన నెత్తిన వేసుకున్నారు. అలాంటి మనిషిని వాళ్లు మెయింటెయినర్ అంటారు. జీతం ఉండదు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనేది మా అత్తయ్య. నేనైతే కంచి గరుడ సేవ అనేదాన్ని.

ఆ మోడల్ వాడేవాళ్లకు ఒక గ్రూపు ఉంది. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో, ఒకరి మొహం ఒకరికి తెలియదు. రోజంతా ఫిర్యాదులే. బ్యాంకు యాప్ తెరుచుకోవడం లేదు, ఇది నమ్మదగ్గ ఫోను కాదని మొరాయిస్తోంది. కెమెరా మసకగా వస్తోంది. ఫోన్ మోగుతోంది గానీ మాట వినపడటం లేదు. అందరికీ ఉచితంగా కావాలి, అదీ రేపటికల్లా కావాలి. మగపెళ్లివారే నయం. ఆయనకు మాత్రం విసుగొచ్చేది కాదు, ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబు రాసేవారు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్రం దొరికేవారు కాదు. మా ఎండల్లో ఆ వేళ సందులో కుక్క కూడా తిరగదు. షట్టరు సగానికి దించి, కుర్చీలోనే కునుకు తీసేవారు. ఒకసారి గ్రూపులో ఎవరో పదేపదే పిలుస్తుంటే, లేచాక 'కునుకు' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, దాని అర్థం కూడా చెప్పారట. అప్పటినుంచి ఆ మాట వాళ్ల నోట నిలిచిపోయింది. ఆయన పలక్కపోతే ఎవరో ఒకరు "కునుకు టైమ్" అని రాసేవాళ్లు. ఖండాంతరాల వాళ్లు కలిసి తెలుగులో ఒక్క ముక్క నేర్చుకున్నారు, అదీ పడుకోవడం గురించి. ఆయన మురిసిపోతూ నాకు చూపించేవారు.

ఆ సిస్టమ్‌లో తెలుగు మాటలు పెట్టడం కూడా ఆయన పనే. ఒకరోజు స్క్రీను నా మొహం ముందు పెట్టారు.

"ఏమే, ఇది సూడు."

'నవీకరణలు ఏవీ కనుగొనబడలేదు' అని ఉంది. "బాగానే ఉందిగా" అన్నాను.

"ఏంది బాగుండేది? కోర్టు నోటీసు లాగుంది. మీ అమ్మయితే ఏమంటది?"

"కొత్తయ్యేం రాలా అంటది."

అలా రాయడానికి నా టీచరు మనసు ఒప్పుకోలేదు. చివరికి 'కొత్తవేం రాలేదు' దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. ఆయన సిస్టమే వేసిన నా ఫోనులో ఇప్పటికీ అదే ఉంది.

ఆయన ప్రాణం పోయింది కూడా ఆ కునుకులోనే. పక్కన మిక్సీలు బాగుచేసే భాయ్ టీ తెచ్చి, షట్టరు కిందనుంచి వంగి చూసి, లేపడమెందుకులే అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడట. "పడుకున్నాడనుకున్నా చెల్లెమ్మా. టీ సల్లారిపోతదని మళ్లీ పోయి సూశా" అన్నాడు నాతో.

నాకు ఏడుపు రాలేదు. బిగబట్టుకుని కాదు, నిజంగానే రాలేదు. సమాధుల తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, నీళ్ల మోటారు వేశాను. "ఏడువమ్మా, ఏడిస్తే తేలికవుతది" అని వచ్చినవాళ్లు పోరుతుంటే చిరాకు మాత్రం వచ్చింది. బడిలో సమాసాలు చెప్పాను, పేపర్లు దిద్దాను. పళ్ల డాక్టరు ఇంజెక్షన్ చేశాక పెదవి మనది కానట్టు ఉంటుందే, నాకు ఒళ్లంతా అలా ఉండేది. ఎవరైనా అడిగితే "లేరండీ" అనేదాన్ని. వాళ్లకు అర్థమయ్యేది, నాకు ఆలోచించే పని తప్పేది.

ఆయన ఫోను మాత్రం టింగుమంటూనే ఉంది. ఆ నెల అప్‌డేట్ వెళ్లలేదు. సిస్టమ్‌లో ఏదో పెద్ద లొసుగు బయటపడిందట, దాంట్లోంచి దొంగలు ఫోనులోకి దూరొచ్చట, సరిచేసిన అప్‌డేట్ వెంటనే కావాలని గ్రూపంతా గోల. ప్రతి అప్‌డేట్ మీదా ఆయన డిజిటల్ సంతకం ఉండాలి, లేకపోతే ఆ ఫోన్లు తీసుకోవు. ఆ సంతకమేమో ఆయన లాప్‌టాప్‌లో, ఆయనకు తప్ప ఎవరికీ తెలియని పాస్‌వర్డ్ వెనక ఉంది. మనిషి లేడని తెలిస్తే వేరొకరు ఆ పని అందుకుంటారు. తెలియకపోతే వాళ్లంతా వీధి తలుపు బార్లా తెరుచుకుని ఆయన కోసం కూర్చునే ఉంటారు. చెప్పాల్సింది నేనే.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఆయన ఫోను పట్టుకు కూర్చున్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని మా చర్చివాళ్లు జ్ఞాపకార్థ కూడిక కార్డుల మీద వేసే మాటే మర్యాదగా తెలుగులో రాశాను. అన్ని మతాలవాళ్లూ ఉండేచోట ప్రభువు మాట ఎందుకని అది తీసేశాను. 'ఆయన నిద్రించారు. ఇట్లు, ఆయన భార్య' అని మిగిలింది. అనువాదం బటన్ నొక్కి, వచ్చిన ఇంగ్లీషును చదవకుండానే పంపేశాను. ధైర్యం లేక కాదు, ఓపిక లేక.

కాసేపట్లోనే జవాబులు మొదలయ్యాయి. ఒకరు నవ్వే బొమ్మ పెట్టి "కునుకు!" అన్నారు. "పాపం బాగా అలిసిపోయి ఉంటాడు, నాలుగు రోజులు రెస్టు తీసుకోనివ్వండి, లేపకండమ్మా" అన్నారు ఇంకొకరు. అప్‌డేట్ కోసం తొందరపెట్టినవాళ్లను మిగతావాళ్లు మందలించారు. అప్పుడు నేను పంపిన ఇంగ్లీషు చూసుకున్నాను. ఆయన పడుకున్నారు అని ఉంది.

సరిదిద్దాలి. పిల్లల నోటుపుస్తకంలో చిన్న తప్పు కనిపించినా ఎర్రసిరా పెట్టందే వదలని మనిషిని, ఆ వాక్యాన్ని వదిలేశాను. హాయిగా ఉంది మరి. భూమ్మీద ఒక్కచోటైనా ఆయన షట్టరు సగం దించుకుని కునుకు తీస్తున్నారు. సాయంత్రం బడి నుంచి రాగానే గ్రూపు తెరిచేదాన్ని. "ఇంకా కునుకేనా?" అని ఒకరు అడిగేవాళ్లు. "ఇంకా" అని మరొకరు రాసేవాళ్లు. అది చదివి లేచి బియ్యం కడిగేదాన్ని.

అలా ఎన్నాళ్లు సాగేదో. ఎక్కడో మంచు కురిసే ఊరి నుంచి ఒక పెద్దావిడ రాసింది. కొత్త ఫోను కొనే స్తోమత లేదట, ఉన్నదానితోనే డబ్బు వ్యవహారమంతా నడుపుకోవాలట. దొంగల భయంతో ఫోను ఆపేసి సొరుగులో పెట్టానని, కూతురితో మాట్లాడి చాలా రోజులయిందని, లైబ్రరీ కంప్యూటర్ నుంచి ఇది రాస్తున్నానని చెప్పింది. 'ఆయన్ని లేపకండి. లేచాకే తెరుస్తాను' అని చివర్న రాసింది.

ఆ సొరుగు నా కళ్లలో మెదులుతూ ఉండిపోయింది. పొయ్యి కట్టేసి వచ్చి, 'ఆయన చనిపోయారు' అని టైపు చేశాను. ఈసారి ఇంగ్లీషు చదివాను. తప్పు రాలేదు. కాసేపు చూసి, పంపాను.

మర్నాడు ఒకరి తర్వాత ఒకరు తమ ఫోన్ల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టారు. గీతలు పడ్డవి, మూలలు విరిగినవి, టేపు అంటించినవి, అన్నీ ఆయన బతికించినవే. ఇంకో దేశం కుర్రాడు పని అందుకున్నాడు. అతని సంతకంతో వచ్చేది వేసుకోవాలంటే పాతదంతా తుడిచేయాలి. అందరూ తుడిచేసుకున్నారు. నేను తుడవలేదు. అప్‌డేట్ నొక్కితే నా ఫోను 'కొత్తవేం రాలేదు' అంటుంది.

పెద్దావిడ నాకు విడిగా రాసింది, తన సొంత ఫోను నుంచే. నాకోసం తెలుగులోకి మార్పించి పంపింది. యంత్రం మార్చిన ఆ తెలుగు మా బైబిల్ తెలుగులా ఉంది.

'మీరు నిద్ర అని చెప్పితిరి. కావున అతడు మేలుకొనునని మేము కనిపెట్టుకొని యుంటిమి.'

'నేను కూడా' అని జవాబు రాశాను. పంపే బటన్ నొక్కేలోపే ఏడుపొచ్చింది.