పెద్దమ్మ ఎడమ బొటనవేలు

మా పెద్దమ్మ పోయిందని అన్నయ్య పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. "నిద్రలోనే పోయింది రా, ఏం బాధ పళ్ళేదు" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. బాధ పడలేదని ఆయనకు ఎవరు చెప్పారు? చివరి నెలల్లో ఆమె ఎలా ఉందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఈ నాలుగు మాటలూ ఆమెను తలుచుకోవడానికే రాస్తున్నాను గానీ, కోపం దాచుకుని రాయడం నాకు చేతకాదు. చదివేవాళ్ళు మన్నించాలి. మన్నించకపోయినా రాస్తాను.

ఆమె మా అమ్మకు అక్క. గురజాలలో పెద్ద ఇల్లు, మిరప చేలు. కొడుకు, అంటే మా అన్నయ్య, రాజకీయాల్లో మనిషి కాబట్టి తెల్లారేసరికి హాల్లో కుర్చీల నిండా జనం ఉంటారు. ఆ జనానికి కాఫీలు పంపే పెద్దమ్మే పక్షవాతం వచ్చి మంచాన పడింది. కాలు కొంత కుదురుకుంది గానీ ఎడమ చెయ్యి లేవలేదు. వ్యాయామం చేయించే అతను రబ్బరు బంతి ఇచ్చి నొక్కుతూ ఉండమన్నాడు. "ఇది నొక్కితే ఏమొచ్చిద్దిరా? నిమ్మకాయైతే రసమన్నా వచ్చేది" అని ఆమె దాన్ని మంచం కిందకి దొర్లించేది.

నాది నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపు. మూలన పడి ఉన్న వీడియో గేమ్ పెట్టె, రెండు చేతుల్తో పట్టుకుని ఆడే దాని కంట్రోలర్ తీసుకెళ్ళి ఆమె హాల్లో టీవీకి తగిలించాను. నిజానికి కంట్రోలర్ అంటే నాకు పెద్ద గౌరవం లేదు. నేను కీబోర్డు, మౌస్‌తో ఆడినవాణ్ణి. బొటనవేళ్ళతో రెండు బుడిపెలు తిప్పుతూ గురి పెట్టడమంటే, గ్లవుజులు తొడుక్కుని సూదిలో దారం ఎక్కించడమేనని స్నేహితులతో గొడవపడేవాణ్ణి. అందుకే ముందు మౌసే ఇచ్చాను. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ జరిపి, "ఇది ఆటేందిరా, గుమాస్తా పనిలాగుంది" అని పక్కన పడేసింది. కంట్రోలర్ మాత్రం వదల్లేదు.

మనిషి ఊళ్ళు, కొండలు తిరిగే ఆట అది. ఎడమ బుడిపె తోస్తే మనిషి నడుస్తాడు, కుడిది తిప్పితే మన చూపు తిరుగుతుంది. అందులో యుద్ధాలు కూడా ఉన్నాయి గానీ ఆమె వాటి జోలికి పోలేదు. ఆ మనిషికి అబ్బాయి అని పేరు పెట్టుకుని ఊరికే తిప్పేది. మొదట్లో ఒకటే సణుగుడు. "నడిచేవాడు నడిచే వైపే చూస్తాడు గదా, మళ్ళీ చూడ్డానికి ఇంకో బుడిపెందుకు?" అనేది. కొన్నాళ్ళకు తనే, "సంతలో నడస్తా పక్క అంగడి చూడమా? రెండూ ఉండాల్సిందే" అని తేల్చింది. కుడి బుడిపె పైకి తోస్తే పైకి చూడటం ఆమెకు అస్సలు నచ్చలేదు. "తల ఎనక్కి వంచితేనే గదరా ఆకాశం కనపడేది. ఎనక్కి లాగితే పైకి చూడాలి. చేసినోడికి ఆ మాత్రం తెలవదా?" అంది. సెట్టింగు తిరగేసి ఇచ్చాను. ఆ రోజు నుంచి ఆ కంట్రోలర్ ఆమె ఒక్కదానికే లొంగేది.

దసరాకి ఆ ఇంట్లో ట్రాక్టరుకి, చేలకి మందుకొట్టే మిషనుకి, కుట్టుమిషనుకి బొట్లు పెడతారు. ఆ ఏడు పెద్దమ్మ కంట్రోలర్‌ని కూడా పీట మీద పెట్టించి, రెండు బుడిపెలకీ గంధం, కుంకుమ దట్టంగా పెట్టింది. తడి గంధం ఎడమ బుడిపె సందులోంచి లోపలికి దిగింది. మర్నాటి నుంచి ఎవరూ ముట్టుకోకపోయినా అబ్బాయి ఎడమ పక్కకి నడవడం మొదలుపెట్టాడు. ఆట తెరిస్తే అతను నిలబడేది చెరువు గట్టు మీద, నీళ్ళు ఎడమ పక్కనే. ఎడమ బొటనవేలితో కుడికి లాగి పట్టుకోకపోతే తిన్నగా అందులో పడతాడు. మారుస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "పూజ చేసిందాన్ని పారేస్తావా? వాడికి నేను తప్ప దిక్కు లేదు" అంది.

బంతి చేయలేని పని ఆ పాడైపోయిన బుడిపె చేసింది. అబ్బాయిని లాగి లాగి ఆమె బొటనవేలికి బలం వచ్చింది. ఒకరోజు ఎడమ చేత్తో పచ్చి శనక్కాయ ఒలిచి, గింజలు నా చేతిలో పెట్టింది. నేను ఏడ్చాను. "ఎందుకురా ఏడుస్తావు, పుచ్చులు గాదులే" అంది.

తర్వాత ఒకనాడు హాల్లో కూర్చున్న పెద్దమనిషి ఎవరో, "అమ్మగారు చిన్నపిల్లల బళ్ళో చేరారా?" అని నవ్వాడట. ఆ ఒక్క నవ్వుకి అన్నయ్య పెట్టె, కంట్రోలర్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఫోన్ చేసి అడిగితే, "పరువుగల వాళ్ళొచ్చే హాలు రా అది" అన్నాడు. లోపల గదిలో పెట్టొచ్చు కదా అంటే, డాక్టరు కళ్ళకి మంచిది కాదన్నాడని చెప్పాడు. ఏ డాక్టరూ అనలేదు, నేను కనుక్కున్నాను. ఇంకో కంట్రోలర్ పట్టుకెళితే అదీ బీరువాలోకే పోయింది. బదులుగా ఆమెకు పెద్ద ఫోన్ కొనిచ్చి, ఇందులోనూ ఆటలున్నాయన్నాడు.

"అద్దం మీద గీసిన బుడిపె రా అది" అంది పెద్దమ్మ నాతో. "దీన్ని తోస్తే ఎదురు తొయ్యదు. ఏలికి ఏం తెలిసిద్ది?" ఇంతకంటే సరైన మాట ఈ విషయం మీద నేనెక్కడా వినలేదు. కంట్రోలర్ల మీద నేను వాదించినవన్నీ ఆ రోజే వదిలేశాను. కొద్ది నెలల్లో ఆ వేలు మళ్ళీ పిడికిట్లోకి ముడుచుకుపోయింది. చివరిసారి వెళ్ళినప్పుడు ఆమె నా గురించి అడగలేదు, కొడుకు మీద చాడీ చెప్పలేదు. "అబ్బాయి చెరువులో పడుంటాడ్రా" అంది, అంతే.

పెద్దకర్మ రోజు ఫోటో ముందు ఆకు వేసి ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. గారెలు, గోంగూర, మామిడిపండు. ఆమె ఏనాడూ ముట్టని జపమాల కూడా తెచ్చి పెట్టారు. వచ్చినవాళ్ళందరూ ఎంత భక్తిపరురాలో అని చెప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వదినను బీరువా తాళం అడిగాను. ఆమె నా మొహంలోకి చూడకుండా కొంగు ముడి విప్పి ఇచ్చింది.

పెట్టె టీవీకి తగిలించి, ఆట తెరిచి, కంట్రోలర్ ఆ ఆకు పక్కన పెట్టాను. ఎడమ బుడిపె చుట్టూ కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏందిరా ఇది, ఇంతమందిలో?" అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి.

"పెద్దమ్మకి ఇష్టమైంది" అన్నాను.

ఎవరూ ముట్టుకోకుండానే తెర మీద అబ్బాయి ఎడమ పక్కకి నడవడం మొదలుపెట్టాడు. హాల్లో వాళ్ళందరూ టీవీ వైపు తిరిగారు. అబ్బాయి గట్టు దిగుతుండగా అన్నయ్య ఒక్కసారిగా వంగి కంట్రోలర్ అందుకున్నాడు. కుడి బొటనవేలితో కుడి బుడిపెను తన వైపు లాగాడు.

"అది కాదన్నయ్యా, అది చూసేది" అన్నాను.

ఆయన ఇంకా గట్టిగా లాగాడు. గట్టు, చెరువు, అబ్బాయి తెర కిందకి జారిపోయి, టీవీ నిండా ఆకాశం వచ్చి నిలబడింది. ఆయన లాగుతూనే ఉన్నాడు. టీవీలోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది.