ఊరు మారినవారు

నా ఉద్యోగమేంటని ఎవరైనా అడిగితే, "కంప్యూటర్ల ఇక్కడియి అక్కడికి ఎత్తిపోస్తది" అంటుంది మా అత్తమ్మ. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను. డయాలసిస్ సెంటర్లు నడిపే ఒక కంపెనీకి భద్రాచలంలో ఇంటి నుంచే పనిచేస్తాను. రోగుల వివరాలు క్లౌడ్‌లోని డేటాబేస్‌లో ఉంటాయి. అందులో ఏ మార్పు జరిగినా కాసేపట్లో డేటా వేర్‌హౌస్‌లోని నకలుకు చేరాలి. రిపోర్టులన్నీ ఆ నకలు నుంచే తీస్తారు. మార్పు చేరిందా లేదా చూడటం నా పని.

మా ఆయన డయాలసిస్ కూడా ఆ కంపెనీ సెంటర్‌లోనే జరిగేది. ఆయన చనిపోయాక సెలవు పెట్టాను. సెలవు అయిపోగానే మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆకలీ లేదు గానీ వేళకు తినేదాన్ని.

ఒకరోజు హైదరాబాద్ నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు. "మీ భద్రాచలం వైపు పేషెంట్లు ఇంతమంది ఊరు మారుతున్నారేంటండీ? వరదలకా? కాపీలో ఏమన్నా తప్పుందేమో చూడండి."

చూశాను. కాపీలో తప్పు లేదు, అక్కడేముందో ఇక్కడా అదే ఉంది. 'ఊరు మారినవారు' అన్నచోట మా ఆయన పేరూ ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. దినాలు కాకముందే ఆయన ఫోన్‌కు సెంటర్ వాళ్ల కాల్ వచ్చింది. ఎందుకు రావడం లేదని అడిగితే అత్తమ్మ "పోయిండు" అని పెట్టేసింది. మావైపు మనిషి చనిపోయినా పోయిండే, బస్టాండుకు వెళ్లినా పోయిండే. అవతలి అమ్మాయి ఎక్కడికని అడగలేదు, ఊరు మారాడని రాసుకుంది. అప్పటి నుంచి 'మీ కొత్త ఊరికి దగ్గర్లో మా సెంటర్ ఉంది, రండి' అని ఆయనకు మెసేజ్‌లు వస్తున్నాయి. అత్తమ్మకు చదవడం రాదు. ఫోన్ టింగుమంటే చాలు ఆమెకు, అందుకే రోజూ చార్జింగ్ పెడుతుంది.

నకలులో దిద్దితే లాభం లేదు, డేటాబేస్ నుంచి పాతదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అక్కడే దిద్దించాలి. సెంటర్ వాళ్లకు మెయిల్ రాసి పంపకుండా ఉంచేశాను. ఈ లోకంలో ఒక్కచోటన్నా ఆయన ఊరు మారాడని రాసి ఉంది, ఉండనీ అనుకున్నాను. కానీ అలాంటి మెసేజ్‌లు ఇంకెన్ని ఇళ్లలో మోగుతున్నాయో. చివరికి పంపేశాను.

సెంటర్ వాళ్లు మళ్లీ అన్ని ఇళ్లకూ ఫోన్లు చేసి, ఈసారి తిన్నగా అడిగి దిద్దారు. మా ఇంటి జవాబు నేనే చెప్పాను. సాయంత్రానికి నకలూ మారింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా లేదు. లేచి వెళ్లి బియ్యం కడిగాను.

కొన్నాళ్లకు అత్తమ్మ అడిగింది, "ఫోన్ మోగుతలేదేంది?"

"వాళ్లకు చెప్పిన అత్తమ్మా, ఆయన పోయిండని."

ఆమె చార్జింగ్‌లో ఉన్న ఫోన్ వైపు చూసింది.

"నేనూ గదే చెప్పిన గదా బిడ్డా" అంది.