ముఖాలు కనపడని జంట

బట్టలు కుట్టే ఆవిడకు అప్పుడు ఇరవై రెండేళ్లు. తండ్రి లేడు, ఇంట్లో అన్న మాటే చెల్లుబాటు. ఏటి అవతలి పేటలో పడవ నడిపే అతనంటే ఆమెకు ప్రాణం. అతనేమో గుండీలు ఊడాయంటూ వారానికోసారి చొక్కా పట్టుకుని వచ్చేవాడు. అవి అతనే పీక్కొచ్చినవని ఆమెకు తెలుసు. కానీ ఆ రెండు పేటలకూ తాతల నాటి నుంచి ఉప్పూ నిప్పే. సంగతి తెలిశాక అన్న కొట్టలేదు, తిట్టలేదు. ఆ గడప తొక్కితే ఈ గడప మర్చిపొమ్మన్నాడు.

ఆ ఏడే సినిమావాళ్లు ఊళ్లో దిగారు. పల్లెటూళ్లో పెద్దలు ఒప్పుకోని ప్రేమకథ అది. హీరోయిన్‌కు నీళ్లంటే భయం, హీరోకు తెడ్డు పట్టడం రాదు. వెనక నుంచి తీసే షాట్లకు ఒడ్డూ పొడుగూ సరిపోయేవాళ్లను వెతికారు. హీరోయిన్ బట్టలు బిగించడానికి వెళ్లిన ఆమెనే పడవెక్కించారు. పడవ అతనిదే, హీరో బదులు తెడ్డు పట్టిందీ అతనే. అన్న మొహం మాడ్చుకుంటే, సినిమాకేగా, నిజానికి కాదుగా అని ఊరి పెద్దలే నచ్చజెప్పారు.

అలా మూడు రోజులు. ఒడ్డున ఊరు ఊరంతా చూస్తుండగా ఆమె అతని భుజం మీద తల ఆనించింది. దర్శకుడికి నచ్చక మళ్లీ ఆనించమన్నాడు. ముఖాలు కనపడవు గనక మాట్లాడుకున్నా అడిగేవాళ్లు లేరు.

“ఇట్నుంచి ఇటే వెళ్లిపోదామా?” అన్నాడతను మెల్లగా.

“అన్నయ్య చూస్తున్నాడు.”

మర్నాడూ అడిగాడు. మూడోరోజూ అడిగాడు. ఆమె ఒడ్డున నిలబడ్డ అన్న వైపే చూసింది.

సినిమావాళ్లు సర్దుకుపోయిన నెలకే అతనికి పెళ్లి చేశారు. ఆమె మాత్రం వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో వంక పెట్టింది. చివరికి సంబంధాలే రావడం మానేశాయి.

సినిమా విడుదలైనప్పుడు అన్నే దగ్గరుండి తీసుకెళ్లాడు. పడవ మీద వాళ్లిద్దరూ కనిపించింది రెప్పపాటు. చివర్లో ప్రేమికులు విడిపోతుంటే హాలంతా ముక్కులు చీదింది. అన్న చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“పాపం, ఆ ఇద్దర్నీ కలిపేస్తే ఆ పెద్దల సొమ్మేం పోయేది?”

ఆమె అన్న వైపు తిరిగింది. “అవునన్నయ్యా” అని మాత్రం అంది.

ఏళ్లు గడిచాయి. అన్న పోయాడు. వదిన పిల్లలతో పుట్టింటికి చేరింది. ముందుగదిలో ఆమే, కుట్టుమిషనూ మిగిలారు. పొద్దుట మిషను తొక్కడం మొదలుపెడితే, ఎవరైనా తలుపు తట్టేదాకా తన గొంతు తనకే వినపడదు.

ఒకసారి పడవతని భార్య కూతుర్ని వెంటబెట్టుకుని, గౌనుకు కొలతలిద్దామని వచ్చింది. మాటల్లో మాటగా ఆ సినిమా గురించి ఎత్తింది.

“మీరూ అందులో ఉన్నారటగా! మా ఆయన మాత్రం దాన్ని ఒక్కసారీ చూడలేదండీ. ఎంత బతిమాలినా రాడు. ఎందుకని అడిగితే, తనకు కథ తెలుసంటాడు.”

ఆమె కొలతలు రాసుకుంది. నడుము కొలత మాత్రం తప్పు పడింది. దాన్ని కొట్టేసి, పిల్లను మళ్లీ నిలబడమంది.