యముని దిక్కుకు తెరిచిన వసారా

సాయన్న మేస్త్రి పోయాడన్న వార్త కామారెడ్డి స్టేషనులో బండి దిగుతుండగా తెలిసింది. నాలుగు రోజుల సన్నిపాత జ్వరమట. మరణం సహజమని సభల్లో వాదించే నేను, సంచి చేతబట్టుకొని ఎటు నడవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

ఎల్లారెడ్డి దగ్గరి క్షయ ఆసుపత్రిలో రోగులు పడుకునే పొడవాటి వసారా ఆయన చేతి పని. ఈ జబ్బుకు గాలీ వెలుతురూ కావాలన్న డాక్టరు మాట విని, దక్షిణం వైపు నడుమెత్తు గోడ మాత్రం లేపి పైనంతా తెరిచి వదిలాడు. చలికాలపు ఎండ మంచాల మీదికి రావాలి, వేసవి ఎండ రాకూడదు. అందుకు చూరు ఎంత దింపాలో వెదురు గడ నిలబెట్టి, నీడ చూసి తేల్చుకున్నాడు. దుమ్ము నిలవకుండా గోడల మూలలు గుండ్రంగా తీశాడు. అటువంటి కట్టడం ఆ చుట్టుపక్కల అంతకు ముందు లేదు. మన ఇండ్ల చరిత్రంతా చీకటి గదుల చరిత్ర. జ్వరం రాగానే తలుపులు బిగించి మనిషిని ఉక్కబెట్టే చరిత్ర!

కడుతుండగానే ఊరి పెద్దలు వచ్చారు.

"దక్షిణం యముని దిక్కు. రోగులను గటు మొకాన పండవెడతవా?" అని పటేలు గద్దించాడు.

సాయన్న తాపీ ఆపలేదు. "తూర్పు మొకం ఇండ్లల్ల ఎవ్వలు సస్తలేరా, పటేలా? యముడు దిక్కు జూసుకొని వస్తడా?"

ఆ మాటను ఎన్ని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానో!

మరుసటేడు ఆయన భార్య రాజవ్వకు దగ్గులో నెత్తురు పడింది. అదే వసారాలో మంచం వేశారు. నేను చూడబోయేసరికి ఆమె మంచం ఎదుట, దక్షిణం వైపు, గొంగడి వేలాడుతోంది. కట్టింది సాయన్నే.

"యమునికి అడ్డం కట్టినవా, సాయన్నా?" అన్నాను.

"మీది నోటి ధైర్యం, పంతులూ. పండుకున్నది నా పెండ్లాం" అన్నాడు, నా వైపు చూడకుండా.

రాజవ్వ దగ్గుతూనే నవ్వింది. "మంది పెండ్లాలు పండుకుంటే రాని యముడు నా కాడికే వస్తడా? తియ్యి. ఎండ వడనియ్యి."

ఆయన గొంగడి దగ్గరికి వెళ్లాడు. ముడి విప్పాడు. నమ్మకమే లేని నావంటివాడు యముణ్ణి కాదనడంలో గొప్పేముంది? భయమంతా గుండెలో ఉండగా ఆ ముడి విప్పడమే ధైర్యం.

రోజూ పని దిగి వచ్చి ఆమె పక్కన కూర్చునేవాడు. గాలి వల్లనో, విశ్రాంతి వల్లనో, పాలూ గుడ్ల వల్లనో చెప్పలేను. ఆ వసారాలో అందరూ బతకలేదు. రాజవ్వ మాత్రం ఏడాదికి తన కాళ్ల మీద ఇంటికి నడిచింది.

నిన్న ఆమెను పరామర్శించడానికి వెళ్లాను.

"ఏడాది కావలుండి నన్ను బతికిచ్చిండు, పంతులూ. నేను ఆయనను నాలుగొద్దులు కాసుకోలేకపోయిన" అన్నది.

అది నీ తప్పు కాదమ్మా అని నిరూపించడానికి నా దగ్గర శాస్త్రమంతా ఉంది. అదంతా వదిలేసి ఆమె పక్కన కూర్చున్నాను. ఆత్మను నమ్మనివాణ్ణి, దానికి శాంతి కోరను. అటువంటి మనిషి లోకంలో ఒక్కసారే ఉంటాడు. ఆ ఒక్కసారీ అయిపోయింది.