వియత్నాం పెట్టెతో రామతీర్థం మెట్లు

వచ్చే నెల మా ఆయనా నేనూ వియత్నాం వెళ్తున్నాం. ఇద్దరికీ ఇదే మొదటి విదేశ ప్రయాణం. "నీ పెట్టి నువ్వే మోసుకోవాల. నేను ముట్టుకోను" అని ఆయన నిన్న తేల్చేశారు.

సరే, ఎంత మోయగలనో చూద్దామని ఈ ఉదయం సర్దిన పెట్టెతోనే విజయనగరం నుంచి ఆటోలో రామతీర్థం వెళ్లి, కొండ మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఇరవయ్యో మెట్టు దగ్గరే కూలబడ్డాను. పక్కన పూలమ్మే ఆవిడ నవ్వింది.

"ఏటమ్మా, కొండమీద కాపరం పెడతావేటి?"

"కాదమ్మా, ఇమానం ఎక్కాల. బరువు సూసుకుంతన్నాను."

"అయితే అందులో ఏటేటున్నాయో ఓపాలి సూడు."

తెరిచాను. పైన నా చీరలు నాలుగు. వాటి కింద ఆయన లుంగీలు, ఆయన బూట్లు, ఆయన ఇస్త్రీ పెట్టె, ఆయనకిష్టమైన జంతికల డబ్బాలు రెండు. అన్నీ నా చేత్తో నేనే సర్దాను. ముప్ఫయ్యేళ్ల అలవాటు!

ఆవిడే ఒక గోనెసంచి ఇచ్చింది. ఆయనవన్నీ అందులో వేసి ఆవిడ దగ్గరే ఉంచి, పెట్టెతో పై మెట్టు దాకా ఎక్కాను. ఎక్కడా కూర్చోలేదు.

ఇంటికొచ్చి గోనెసంచి ఆయన ముందు పెట్టాను. "మీయి మీరే మోసుకోండి."

ప్రయాణాలకు సిద్ధమవుతున్న అక్కచెల్లెళ్లూ, మీ పెట్టెలో సగం ఎవరివో ఒకసారి తెరిచి చూసి చెప్పండి.