సీసా మీద పేరు

రాజుపాలెం ఆశా కార్యకర్త జానీబీకి ఆ వారమంతా అన్నం సయించలేదు. కారణం ఫరహత్ మేడమ్ చెప్పిన శుభవార్త.

ఫరహత్ మేడమ్ ప్రొద్దుటూరులో పరిశోధన చేసే డాక్టరు. పుట్టింది పులివెందుల. బోరునీళ్లలోని ఫ్లోరైడు ఆడవాళ్ల ఎముకలను ఏం చేస్తోందో చూడాలని ఆమె మొదటిసారి రాజుపాలెం వచ్చినప్పుడు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అడిగింది మూత్రం మరి. జానీబీయే ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, కోప్పడి సీసాలు నింపించింది. నడుము వంగని వనజమ్మయితే కొంగు చాటున తెచ్చిచ్చి, "ఇది నాదని నరమానవుడికి తెలిసిందా, నీ మొగం చూడను జానీ" అంది. పేరు బయటికి పోదని జానీబీ మాటిచ్చింది. అందుకే సీసాల మీద అంకెలే వేశారు.

ఇప్పుడు మేడమ్ ప్రమోషన్ కోసం ఆమె పని విలువ కట్టడానికి పెద్దలు వచ్చారు. ఆమె వ్యాసాలను ఎంతమంది తమ వ్యాసాల్లో ప్రస్తావించారు, ఆమె ఎవరెవరితో కలిసి పనిచేసింది, ఇదీ వాళ్ల తూనిక. మేడమ్ వ్యాసం మీద తన పేరు పక్కనే షేక్ జానీబీ అని కూడా వేయించింది కాబట్టి, ఈమెనూ ప్రొద్దుటూరు పిలిపించారు.

"మీది ఏ సంస్థమ్మా?" అన్నాడు వాళ్లలో కళ్లద్దాలాయన.

"రాజుపాలెం సార్."

ఆయన దాన్ని శ్రద్ధగా రాసుకున్నాడు కూడా.

బయటికొచ్చాక మేడమ్, "మన వ్యాసం గురించి నూటపదిమంది రాసినారు జానీబీ. జపానోళ్లు గూడా మన రాజుపాలెం సంగతి చెప్తాండారు" అంది. సంతోషం వస్తే ఆమెకు పులివెందుల మాటలే వస్తాయి.

జానీబీకి భయం పట్టుకుంది. ఊరి సంగతంటే ఎవరి సంగతి? తన పేరు జపాను చేరినప్పుడు వనజమ్మ పేరు గడప దాటకుండా ఉంటుందా? జపాను కబురు అప్పటికే ఊరంతా పాకింది. సంబరపడాలో ఏడవాలో తెలియక వారం గడిపి, ఉండబట్టలేక మళ్లీ ప్రొద్దుటూరు వెళ్లి మేడమ్‌నే అడిగింది. ఆమె వ్యాసమంతా తెలుగులో చదివి వినిపించింది. ఊళ్లో ఏ ఆడమనిషి పేరూ అందులో లేదు.

జానీబీ బస్సు దిగి నేరుగా వనజమ్మ ఇంటికే పోయింది. "అక్కా, నీ పేరు యాడా లేదు."

"యాడా లేదా?"

"ఒట్టు. యాడా లేదు."

"నీది ఉందంట గదా?"

"ఉంది."

వనజమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. "సీసా నాది, పేరు నీదా?"

"నువ్వే గదక్కా వద్దంటివి."

"అంటి. అంత దూరం పోతాదని నువ్వు చెప్పలేదు గదా. జమ్మలమడుగులో మా చెల్లెలికి గూడా చెప్పుకుంటిని, జపానులో నా పేరు చదువుతాండారని."

జానీబీకి ఒళ్లు మండింది. వెంటనే సిగ్గూ వేసింది. ఇంతకాలం తను కాపాడింది వనజమ్మ పరువునా, తన మాటనా, ఎంత ఆలోచించినా తేలలేదు.

కొన్నాళ్లకు మేడమ్ మళ్లీ సీసాలు పంపింది. ఈసారి వనజమ్మ కొంగు చాటున తేలేదు. పట్టపగలు, నడిబజారులో, గోడలు పట్టుకుంటూ వచ్చింది. అంకె మీద తెల్లకాగితం అంటించి, ఎర్రసిరాతో తన పేరు ఇంటిపేరుతో సహా రాయించి తెచ్చింది.

"ఇది పీకినావా, నీ మొగం చూడను జానీ."

ఆమె వెళ్లాక జానీబీ కాగితం అంచును గోటితో కొంచెం లేపింది. కింద అంకె కనబడింది. మళ్లీ వేలితో అదిమి అంటించింది.