‘నిల్’ అని రాసిన చోట ఒక బావి

1990 వేసవి. కువైట్ నగరానికి ఉత్తరాన, తారు రోడ్డు దిగి ఇసుకలో గంటసేపు పోతే వచ్చే చోట ఒక నేషనల్ పార్క్ పెట్టాలని తలపెట్టారు. పార్క్ అంటే ఊయలలూ పూలమొక్కలూ కాదు. ఎడారిలో కొంత మేర కంచె వేసి, గొర్రెలనీ ఒంటెలనీ జీపులనీ రానివ్వకుండా ఆపి, ఎండిపోయిన పొదలనీ ఎగిరిపోయిన పక్షులనీ తిరిగి రప్పించడం. ఆ కంచె ఎటునుంచి ఎటు పోవాలో కొలిచే సర్వేయర్ని నేను. అమలాపురం దగ్గర కాలువల మధ్య పుట్టి, నీటిచుక్క కనపడని నేలని కొలవడానికి వచ్చినవాణ్ణి. మా కన్సల్టెన్సీ ఆఫీసు నగరం నడిబొడ్డున షర్క్‌లో, నా గది నగరానికి దక్షిణాన ఫింటాస్‌లో.

మా పని గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నేల ఎత్తుపల్లాలు కొలవాలంటే ముందు కదలని బిందువు ఒకటి కావాలి. దాన్ని బెంచ్ మార్క్ అంటాం. పని జరిగే చోట మేము పెట్టుకునే చిన్నవాటిని టెంపరరీ బెంచ్ మార్క్, పొట్టిగా టీబీఎం అంటాం. కాంక్రీటు దిమ్మె పాతి దాని మీద గుర్తు పెట్టాలి. కొలతలన్నీ ఫీల్డ్ బుక్‌లో అక్కడికక్కడే రాయాలి. అందులో రబ్బరు వాడటం మహాపాపం. తప్పు రాస్తే దాని మీద ఒక గీత కొట్టి, తప్పు కనపడేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. మా గురువుగారు రబ్బరున్న పెన్సిల్ కనిపిస్తే రబ్బరు కోసి పారేసేవారు.

నా దగ్గర స్టాఫ్ పట్టే మనిషి ఓబులేసు. స్టాఫ్ అంటే అంకెలు వేసిన పొడవాటి కర్ర. దాన్ని అతను దూరంగా నిలబెడితే నేను పరికరంలోంచి చూసి అంకె చదువుతాను. ఓబులేసుది రాయచోటి పక్క ఊరు. మేకలు కాసి వచ్చినవాడు కాబట్టి నాకంటే బాగా నేల చదవగలడు.

ఆరు దిమ్మెలు పాతాక సిమెంటు అయిపోయింది. ఏడోది పెట్టాల్సిన చోట ఒక పాత బావి ఉంది. ఎడారిలో గొర్రెలు కాసుకు తిరిగే బెదూ తెగ పెద్దాయన అబూ సాలెం తాతగారు తవ్వించిందట. రాతి గట్టు. నీళ్ళు కాస్త ఉప్పనే, కానీ తాగొచ్చు. రోజూ పొద్దున్నే అబూ సాలెం గొర్రెలు వచ్చి, తాగి, పోయేవి. అవి పోయేదాకా మా పని ఆగేది. ఆలస్యానికి కారణం రాయాలనేది ఆఫీసు రూలు కాబట్టి, ఫీల్డ్ బుక్‌లో రోజూ ‘బావి దగ్గర గొర్రెలు, ఆగాం’ అని ఇంగ్లీషులో రాసేవాణ్ణి.

“సిమెంటు కోసం యాడ కూసుంటాం సార్?” అన్నాడు ఓబులేసు బావి గట్టు తూర్పు రాయిని చేత్తో తడుతూ. “ఈ రాయి మా తాత పుట్టకముందు నుంచీ కదల్లేదు. ఈన్నే ఎర్ర రంగు పుయ్యండి.”

పూశాను. టీబీఎం-7. మా మేనేజరు, ఈజిప్టు ఇంజనీరు, అది చూసి నన్ను ఉతికి ఆరేశాడు. బావి మీద బెంచ్ మార్క్ పెట్టేవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నాడు. సిమెంటు రాగానే మారుస్తానని నీళ్ళు నమిలాను.

ఆ వారమే ఇంకో కాగితం నింపాల్సి వచ్చింది. సైట్ కండిషన్ షీట్. అందులో ‘ఎగ్జిస్టింగ్ యూజ్’ అని ఒక గడి ఉంటుంది. ఆ నేలని ఇప్పుడు ఎవరు, దేనికి వాడుతున్నారో రాయాలి.

“నిల్ అని రాయి,” అన్నాడు మేనేజరు. “అది ఖాళీ ఎడారి.”

నిల్ అని రాసి సంతకం పెట్టాను. అందరూ అలాగే రాసేవాళ్ళు. నిజం చెప్పాలంటే, అది రాస్తున్నప్పుడు నా ఫ్లాస్కులో ఉన్నది ఆ బావి నీళ్ళే.

ఆగస్టు రెండు, తెల్లవారుజాము. ఎండ ముదరకముందే పని ముగించాలని పరికరం మూడు కాళ్ళ స్టాండు మీద బిగించాను. ఉత్తరాన దుమ్ము లేచింది. కంచె కాంట్రాక్టరు లారీలనుకున్నాం. ఇంతలో అబూ సాలెం పికప్ మా మీదికే వచ్చినంత వేగంగా వచ్చి ఆగింది.

“దించు! ఆ మూడు కాళ్ళదాన్ని దించు!” అని అరిచాడు. “వాళ్ళ కంటికి అది తుపాకీ! యల్లా, యా ముహందిస్, ఎక్కండి!”

సర్వేయర్నైన నన్ను ఆయన మొదటినుంచీ ఇంజనీరనే పిలిచేవాడు. దుమ్ము కింద ఉన్నవి కువైట్ మీదికి వస్తున్న ఇరాక్ ట్యాంకులని బండి కదిలాక అర్థమైంది. ఎడారి దారుల్లో తిప్పి తిప్పి మధ్యాహ్నానికి మమ్మల్ని ఫింటాస్ చేర్చాడు. దిగేటప్పుడు నా సంచీ లాక్కుని ఫీల్డ్ బుక్కులు బయటికి తీశాడు.

“ఎడారి కొలతలు నీ దగ్గర దొరికితే గూఢచారివని చంపేస్తారు. సల్వాలో నా కూతురింట్లో పెడతాను. బతికుంటే వచ్చి తీసుకో.”

నాలుగు వారాలు తలుపులు వేసుకుని ఉన్నాం. తర్వాత బస్సుల్లో అమ్మాన్ చేరి, అక్కడినుంచి విమానంలో బొంబాయిలో దిగాం. చేతిలో ఒక్కో సంచీ. ఓబులేసు బొంబాయి స్టేషన్లో కూడా “ఆ ముసలాయన యాడుండాడో ఏమో సార్” అంటూనే ఉన్నాడు.

యుద్ధం ముగిశాక, 1991 చివర్లో కంపెనీ మళ్ళీ పిలిచింది. ఇద్దరం వచ్చాం. షర్క్‌లో మా ఆఫీసు డ్రాయింగ్ బీరువాలు బూడిదయ్యాయి. పార్క్ నేలలో మందుపాతరలు తీసేశామని సైన్యం కాగితం ఇచ్చాకే, అదీ జెండాలు పాతిన దారుల్లోనే అడుగుపెట్టనిచ్చారు. మేము పాతిన ఆరు దిమ్మెల్లో ఒక్కటీ మిగల్లేదు. కొన్ని ట్యాంకుల కింద నలిగాయి. కొన్నింటిని బంకర్లకి పెకలించుకుపోయారు. బావి గట్టు మాత్రం అలాగే ఉంది, తూర్పు రాయి మీద నా ఎర్ర రంగుతో సహా. ఓబులేసు ఆ రాయిని పట్టుకుని పకపకా నవ్వాడు, నాకు మాత్రం కళ్ళు తడిశాయి.

అబూ సాలెం సౌదీ పారిపోయి తిరిగొచ్చాడు. పెద్ద మందలో పదుల లెక్కన మిగిలాయి. ఇరాక్ సైనికులు బావిలో పడేసిన డబ్బాలూ టైర్లూ కొడుకులతో కలిసి తీయించి, మళ్ళీ నీళ్ళు పట్టుకుంటున్నాడు. ఆ గొర్రెలకి నడక దూరంలో వేరే నీళ్ళు లేవు.

అప్పుడు కొత్త ప్లాన్ నా బల్ల మీదికి వచ్చింది. కంచె మునుపటికంటే వెడల్పుగా, బావిని లోపల వేసుకుని పోతోంది. బావి పక్కన పల్లంలో, పొదలు అన్నింటికంటే ముందు చిగురించే చోట, విజిటర్ సెంటర్, అతిథుల రెస్ట్ హౌసులు, వాటిదాకా తారు రోడ్డు. బావి గుర్తు పక్కన ‘పాడుబడినది, పూడ్చవలెను’ అని ఉంది. ఆధారం ఏమిటని వెతికితే తల కొట్టేసినట్టయింది. నా సైట్ కండిషన్ షీటే. డిజైన్ చేసే విదేశీ కంపెనీకి అప్పట్లో పంపిన ప్రతి ఒకటి బతికింది. ఆఫీసంతా కాలిపోయి నా ‘నిల్’ ఒక్కటే మిగిలింది.

“మేక మేస్తే నేల పాడయితాదంట, కార్లు తిరిగితే బాగుపడతాదంట,” అన్నాడు ఓబులేసు ప్లాన్ చూసి. “ఇదేం పార్కు సార్? ఆయప్ప మన పానాలు కాపాడినాడు. మనం ఆయన బాయి పూడుస్తామా?”

నేను కంచెకి శత్రువుని కాను. మొదట ప్రయోగంగా కంచె వేసిన ముక్కలో అర్ఫజ్ పొదలు మోకాలెత్తు లేవడం, బయట నేల బోడిగా ఉండటం కళ్ళారా చూశాను. ఆ మాట అబూ సాలెంతో అంటే ఆయనా ఒప్పుకున్నాడు.

“గడ్డి ఎవరికి చేదు? నా గొర్రెల్ని లోపల మేపనులే,” అన్నాడు. “నీళ్ళకి ఒక్క దారి వదలమను. అడక్కుండా గీశారు, అదీ నా బాధ.”

అడగాల్సినవాణ్ణి నేను. అది ఆయనకి చెప్పే ధైర్యం ఆ రోజు చాల్లేదు. ఫీల్డ్ బుక్కులు ఉన్నాయా అని మాత్రం అడిగాను. మర్నాడు సల్వా నుంచి పిండి సంచీలో చుట్టినవి చుట్టినట్టే తెచ్చిచ్చాడు. అందులో ఏముందో ఆయనకి తెలియదు. బూజు వాసన వేస్తున్న పేజీలు తిప్పుతుంటే ప్రాణం లేచొచ్చింది. పేజీ తర్వాత పేజీ, నా చేతిరాత: బావి దగ్గర గొర్రెలు, ఆగాం. బావి దగ్గర గొర్రెలు, ఆగాం.

ప్లాన్ మీద సర్వేయర్ సంతకం కావాలి. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి పెన్ను అందించాడు.

“నేను పెట్టలేను సార్. ఆ షీటు తప్పు.”

“నీ చేత్తో రాసిందేగా?”

“తప్పు కూడా నాదే.”

“నీ ఇఖామా రెన్యువల్ నా బల్ల మీదుంది, గుర్తుందా? కంపెనీయే నీ కఫీల్.” గొంతు పెంచలేదాయన. “సంతకం పెట్టు. ఖలాస్, అంతే.”

అబద్ధమెందుకు, భయమేసింది. పూచీ ఉండే కఫీల్ కాదంటే ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్, పోయినట్టే. యుద్ధంలో ఒకసారి ఉత్త చేతులతో ఇంటికి పోయినవాణ్ణి. ఇంకోసారి అలా పోతే మా ఆవిడకి ఏం చెప్పాలి? అయినా పెన్ను ముట్టుకోలేదు. క్లయింట్ మీటింగులో నాకు ఐదు నిమిషాలు ఇప్పించమన్నాను. సర్వేయర్ సంతకం లేని ప్లాన్ ముందుకు పోదు కాబట్టి, పళ్ళు కొరుకుతూనే ఇప్పించాడు.

మీటింగులో క్లయింట్ తరఫున వచ్చిన కువైటీ అధికారి ముందు ఫీల్డ్ బుక్కులు పెట్టాను. ఆయన ఓపికగా తిప్పాడు.

“ఇన్ని రోజులు గొర్రెల కోసం ఆగావా?”

“ఆగాను సార్.”

“మరి ఇక్కడ నిల్ అని ఎందుకు రాశావు?”

“ఆఫీసులో కూర్చుని రాశాను సార్.”

గదిలో ఎవరో నవ్వారు. మేనేజరు మొహం మాడిపోయింది. అధికారి మాత్రం నవ్వలేదు. “దిమ్మెలన్నీ పోయాయన్నారు. ఈ కొత్త కొలతలు ఎక్కడినుంచి తీశావు?”

“టీబీఎం-7 నుంచి. అది ఆ బావి గట్టు. మీరు పూడ్చమన్నది దాన్నే. అది పోతే పాత కొలతలకీ కొత్తవాటికీ లంకె తెగిపోతుంది సార్.”

ఆయన షీటు నా వైపు జరిపి, “అయితే సరిచేయి,” అన్నాడు. కొత్త షీటు ఇమ్మంటారా అని మేనేజరు లేవబోయాడు. వద్దన్నాను. మా గురువుగారు నేర్పినట్టే ‘నిల్’ మీద ఒక్క గీత కొట్టి, కింద మాట కనపడేలా ఉంచి, పక్కన రాశాను: ‘రోజూ వాడుకలో ఉన్న బావి, బావికి దారి.’ సంతకం, తేదీ. అంతమంది ముందు సొంత తప్పు మీద గీత కొట్టుకుంటే సిగ్గేయాలి. నాకు గర్వమేసింది, ఇప్పటికీ ఉంది.

అంతా మేము అనుకున్నట్టు జరిగిందని చెప్పను. తారు రోడ్డు పడింది. రెస్ట్ హౌసులు మాత్రం పల్లం వదిలి రోడ్డు పక్కకి జరిగాయి. బావి నిలిచింది. పాత దారి కంచెని దాటే చోట ఒక గేటు పెట్టి, తాళంచెవి అబూ సాలెం ఇంటికి ఇచ్చారు. గొర్రెలు వచ్చి, తాగి, మేయకుండా పోవాలన్నది షరతు. నా ఇఖామా ఆఖరి రోజుదాకా నన్ను వేడి పెనం మీద కూర్చోబెట్టి మరీ రెన్యువల్ అయింది. మేనేజరు నన్ను మురుగు కాలువల సర్వేకి మార్చాడు. అదీ శ్రద్ధగానే చేశాను.

మారేముందు కొత్త ప్లాన్ ప్రింటు తీసుకుని ఓబులేసుతో బావి దగ్గరికి వెళ్ళాను. ఆ షీటులో మొదట నిల్ అని రాసింది నేనేనని అబూ సాలెంకి అప్పుడు చెప్పాను. ఆయన చేతిలోని బొక్కెన తాడు చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత ప్రింటు గట్టు మీద పరిపించి, నా బావి ఏదీ అన్నాడు. వేలు పెట్టి చూపించాను.

“ఇంత చిన్నదా?”

“చిన్నదే. కానీ ఈ కాగితం మీద ఉన్న కంచె, గేటు, ఆ పెద్దల రెస్ట్ హౌసులు, అన్నీ దీన్నుంచి కొలిచినవే.”

ఆయన ఓబులేసు వైపు చూసి, నా మాట నిజమేనా అన్నట్టు కళ్ళెగరేశాడు. “నిజమే బాబా,” అన్నాడు ఓబులేసు తెలుగులోనే, ఎర్ర రాయి మీద చెయ్యేసి. ముసలాయన లేచి బావిలోంచి బొక్కెన తోడి ముందు నాకే ఇచ్చాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కువైట్‌లోనే పనిచేశాను. నా కింద చేరిన ప్రతి సర్వేయర్‌కీ ఆ గడి ఆఫీసులో నింపొద్దని చెప్పేవాణ్ణి. పొద్దున్నే వెళ్ళి, అక్కడికి ఎవరొస్తారో చూసి, వాళ్ళని అడిగి రాయమనేవాణ్ణి. నమ్మనివాళ్ళకి ఆ షీటు జిరాక్సు చూపించేవాణ్ణి. ఇప్పటికీ నా దగ్గరుంది. గీత కింద నా తప్పు చక్కగా చదవొచ్చు.